నిప్పురవ్వకు ముహూర్తం

ముసలి గడియారం, ముసలి ఆవు, ముసలి మోటారు సైకిలు — ఈ మూడింటినీ అమ్ముకోలేని ఇళ్ళు మన దేశంలో చాలా ఉన్నవి. గడియారం మోగకపోయినా గోడకు అందమిస్తుంది. ఆవు పాలివ్వకపోయినా పుణ్యమిస్తుంది. మోటారు సైకిలు మాత్రం కదలకపోతే వసారాలో చోటు తినడం తప్ప మరో పని చేయదు. అయినా దానిని పాత ఇనుముకు వేసేయండి అనే ధైర్యం ఆ ఇంటి అల్లుడికి కూడా ఉండదు.

ఇటువంటి బండ్లలో అగ్రతాంబూలం బుల్లెట్‌దే. ఇంగ్లండులోని రెడ్డిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు 1932లో ఈ పేరును మొదటిసారి వాడారు. 1955లో ఆ కంపెనీ మద్రాసు మోటార్స్ వారితో పొత్తు పెట్టుకోగా ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. తిరువొత్తియూరులో కర్మాగారం వెలసింది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ కంపెనీ కథ ముగిసింది. మద్రాసులో మాత్రం ముగియలేదు. పుట్టింటివారు చితికిపోయినా మెట్టినింట వర్ధిల్లిన ఆడపడుచు వలె బుల్లెట్ ఇక్కడ నిలదొక్కుకున్నది. 2021లో ‘బుల్లెట్టు బండి’ పాటకు తెలంగాణ పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుళ్ళే నృత్యం చేశారంటే ఈ బండికి మన ఇళ్ళలో ఎంత చనువున్నదో వేరే చెప్పనక్కరలేదు.

అయితే పాత బుల్లెట్ పెట్టే తిప్పలు పాటల్లోకి రావు. పొద్దున్నే పది కిక్కులు కొట్టినా పలకదు. పదకొండో కిక్కుకు పలికినట్లే పలికి లీవరును వెనక్కు తంతుంది. ఆ తాపు మడమకు తగిలితే నెల రోజులు మంచం మీదనే. ఈ పేచీలన్నింటికీ మూలం చాలా సందర్భాలలో ఒక్కటే: ఇంజనులో నిప్పురవ్వ పుట్టవలసిన వేళకు పుట్టకపోవడం. అందుకే నేడు చాలామంది పాత బండ్లవారు, రవ్వ పుట్టించే పాత ఏర్పాటును తీసివేసి, ఎలక్ట్రానిక్ పెట్టెను అమర్చుకుంటున్నారు. దానిని బిగించడం ఎలా, దానికి వేళ కుదర్చడం ఎలా, దాని వల్ల ఒనగూరేదేమి, పోయేదేమి — ఇదీ ప్రస్తుతాంశం.

రవ్వ పుట్టుక

బాటరీలో ఉన్నది ఆరు వోల్టులో, పన్నెండు వోల్టులో. ప్లగ్గు మొన దగ్గర గాలిని చీల్చుకుని రవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రం ఇక్కడ ఆదుకుంటుంది. కాయిలులో లావుపాటి తీగ చుట్లు కొన్ని, సన్నపాటి తీగ చుట్లు వేలకొద్దీ ఉంటాయి. లావు తీగలో పారుతున్న కరెంటును తటాలున ఆపితే సన్న తీగలో వేల వోల్టులు ఎగసిపడతాయి. నీళ్ళు పారుతున్న గొట్టాన్ని హఠాత్తుగా మూసినప్పుడు గొట్టం అదిరిపడినట్లన్నమాట.

ఆ తటాలున ఆపే పని పాత బండిలో ‘పాయింట్ల’ది. కుడివైపు, సిలిండరు వెనుక, డిస్ట్రిబ్యూటరు గిన్నెలో రెండు చిన్న లోహపు బిళ్ళలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. తిరిగే ఇరుసు మీది గూను వాటిలో ఒకదానిని నెట్టినప్పుడు అవి విడివడతాయి. పూర్తిగా విడినప్పుడు వాటి మధ్య సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు, ఇంచుమించు మన గోటి మందం. పక్కనే ఉండే కండెన్సరు ఆ బిళ్ళల మధ్య నిప్పు రగలకుండా కాపాడుతుంది.

బుల్లెట్ ఇంజను నాలుగు ఘాతాలది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒక రవ్వ చాలు. నిమిషానికి మూడు వేల చుట్ల వేగంలో లెక్క వేస్తే సెకనుకు ఇరవై అయిదు రవ్వలు, గంట ప్రయాణానికి తొంభై వేలు. అన్నిసార్లూ ఆ బిళ్ళలు కొట్టుకుంటాయి. బిళ్ళల ముఖాలు గుంటలు పడతాయి. గూనును రాసుకునే మడమ అరిగి సందు తగ్గుతుంది, సందు తగ్గితే బిళ్ళలు ఆలస్యంగా విడివడతాయి, రవ్వ ఆలస్యమవుతుంది. అందుకని కొన్ని వందల మైళ్ళకొకసారి ఎవరో ఒకరు వంగి కూర్చుని, రేకు దూర్చి ఆ సందును సరిచేస్తూనే ఉండాలి.

ముందే బయలుదేరవలసిన పెళ్ళికూతురు

రవ్వ ఎప్పుడు పుట్టాలి? పిస్టను సరిగ్గా పైకి చేరినప్పుడే అనుకుంటాము. కాని అలా చేస్తే ఆలస్యమైపోతుంది. పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి అంటుకుని మంట నలుమూలలా పాకడానికి సెకనులో కొన్ని వెయ్యో వంతులు పడుతుంది. సుముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టాలంటే మేనమామ ముందుగానే లేచి, గౌరీపూజలో ఉన్న పెళ్ళికూతురును బుట్టలో తీసుకుని బయలుదేరాలి కదా! రవ్వ కూడా అంతే. పిస్టను పైకొస్తుండగానే పుట్టాలి.

పాత బుల్లెట్ 350కి కొలత ఇది: వేగం తక్కువగా ఉన్నప్పుడు పిస్టను శిఖరానికి 0.8 మిల్లీమీటరు కింద ఉండగా పాయింట్లు విడవడం మొదలుకావాలి. క్రాంకు తిరిగే కోణంలో చెప్తే సుమారు పది డిగ్రీలు ముందు. వేగం హెచ్చినకొద్దీ మేనమామ ఇంకా ముందే బయలుదేరాలి, ఎందుకంటే లగ్నం త్వరగా వచ్చేస్తున్నది. అందుకని గిన్నె అడుగున రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు ఉంటాయి. వేగానికి బరువులు విచ్చుకుని గూనును ముందుకు తిప్పుతాయి. రవ్వ ముప్ఫై డిగ్రీల ప్రాంతానికి జరుగుతుంది.

స్ప్రింగులు సాగిపోయినా, బరువులు తుప్పుతో విచ్చుకున్నచోటే బిగుసుకున్నా, కిక్కు కొట్టే వేళ కూడా రవ్వ ముప్ఫై డిగ్రీలు ముందే పుడుతుంది. పిస్టను ఇంకా ఎక్కుతుండగానే మంట దానిని కిందికి తోస్తుంది. క్రాంకు వెనక్కు తిరుగుతుంది. కిక్కు లీవరు కాలిని తంతుంది. ఇదే వెనుకతాపు రహస్యం. రవ్వ మరీ ఆలస్యమైతే తన్నదు గాని, బండికి సత్తువ ఉండదు, ఇంజను వేడెక్కుతుంది, సైలెన్సరు గొట్టం నీలం తిరుగుతుంది, పెట్రోలు తాగుతుంది.

ఒక ఇల్లు, ఒక మేస్త్రీ

మా తెనాలిలో ఇటీవల జరిగిన ఒక ఉదంతం చెప్తాను. 1972 నాటి బుల్లెట్ అది. కొన్నాయన లేరు. భార్య ఉన్నది, బాంకులో పనిచేసే కూతురున్నది. బండిని అమ్మడానికి తల్లి ఒప్పుకోదు. నడపకుండా ఊరికే నిలబెట్టడానికి కూతురు ఒప్పుకోదు. చూడవచ్చిన మేనల్లుడు ఒకనాడు కిక్కు కొట్టగా లీవరు తన్ని మడమ వాచింది. ఆ నాటి నుంచి బండి మీద గుడ్డ కప్పారు.

ఆ బండిని మొదటి నుంచీ చూస్తున్న మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. డెబ్బయి దాటినవాడు. ఇంజను మీద చెయ్యి వేసి, చప్పుడు విని, స్క్రూ తిప్పి వేళ కుదర్చగలిగిన మనిషి. కాని ఇప్పుడు కంటిచూపు ఆనడం లేదు. గోటి మందం సందులో రేకు దూరిందో లేదో ఆయనకు కనబడదు. వేలి స్పర్శతో తెలుసుకోవాలి.

“బాబాయ్, ఎలక్ట్రానిక్‌ది పెట్టేద్దామా?” అని ఆ అమ్మాయి అడిగింది.

నొచ్చుకుంటాడేమోనని తల్లి సందేహించింది. ఆయన నొచ్చుకోలేదు. “స్ప్రింగులు మారిస్తే ఇప్పటికి తన్నడం ఆగుతుందమ్మా. కాని రేపు మళ్ళీ సందు సరిచేయాలిగా? నా తరువాత అది ఎవరు చూస్తారు?” అన్నాడు. కాసేపు ఊరుకుని, “పెట్టెనైతే తెండి. దానికి వేళ మాత్రం నేనే పెడతాను,” అన్నాడు.

పెట్టెలో ఏమున్నది?

కిట్టు అని అమ్మేదానిలో ముఖ్యంగా మూడు వస్తువులుంటాయి: ఇరుసు మీద కూర్చునే అయస్కాంతపు బిళ్ళ, పాయింట్ల స్థానంలో కూర్చునే పసికట్టు పలక, ఆ పలక పంపిన కబురు అందుకుని కాయిలులో కరెంటును ఆపే నల్ల పెట్టె. కొన్ని పలకలలో ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన ధర్మం పనిచేస్తుంది: అయస్కాంతం దగ్గరికి వస్తే కరెంటు పారుతున్న రేకులో స్వల్పంగా వోల్టేజి పుట్టడం. కరెంటును ఆపే మీట 1947లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో అవతరించిన ట్రాన్సిస్టరు సంతతిది. ఒకదానినొకటి తాకే భాగాలు లేవు కనుక అరుగుదల లేదు. కంపెనీవారే 2001లో వచ్చిన బుల్లెట్ ఎలక్ట్రాకు ఎలక్ట్రానిక్ ఏర్పాటు పెట్టారు.

కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి. మొదటిది వోల్టులు: పాత బండి ఆరు వోల్టులదైతే, చాలా కిట్లు పన్నెండు అడుగుతాయి. తెనాలి బండిని లోగడే పన్నెండుకు మార్చి ఉన్నారు. రెండవది ఎర్తు: బాటరీ ఏ కొసను చట్రానికి కలిపారో చూడాలి. తారుమారైతే పెట్టె ఒక్క క్షణంలో కాలిపోతుంది. మూడవది ముందు జరుపుడు: కొన్ని కిట్లు పాత బరువులనూ స్ప్రింగులనూ అలాగే వాడుకుంటాయి, కొన్ని వేగాన్ని బట్టి తామే రవ్వను జరుపుతాయి. రెండవ రకమైతే పాత బరువులను తీసివేయాలి, లేదా కదలకుండా కట్టివేయాలి. మరచిపోతే రెండు జరుపుళ్ళూ కలిసి ఇంజను కొంప ముంచుతాయి.

మరొక మాట. పెట్టె వచ్చినంత మాత్రాన ఊగే ఇరుసు నిలబడదు. డిస్ట్రిబ్యూటరు ఇరుసు బుష్షు అరిగి ఊగుతుంటే అయస్కాంతం కూడా ఊగుతుంది. వేళ కూడా ఊగుతుంది. మేస్త్రీ మొదట చేసిన పని బుష్షు మార్చడం.

శిఖరం ఎక్కడ?

బాటరీ తీగ ఊడదీసి, ప్లగ్గు విప్పి, బండిని నడిమి స్టాండు మీద నిలిపారు. టాప్ గేరు వేసి వెనుక చక్రాన్ని ముందుకు తిప్పితే క్రాంకు మెల్లగా తిరుగుతుంది. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఉంచాలి. గాలి వేలిని తోసిందంటే పిస్టను ఎక్కుతున్నది అసలైన ఘాతంలోనే. పొగను బయటికి పంపే ఘాతంలోనూ పిస్టను పైకి వస్తుంది, కాని అప్పుడు వేలిని తోయదు. ఈ తేడా గమనించకపోతే వేళ ఒక చుట్టు పూర్తిగా తప్పిపోతుంది.

ఇక పిస్టను శిఖరాన్ని ఖచ్చితంగా పట్టుకోవాలి. ఇది పైకి సులువుగా కనబడే కష్టమైన పని. శిఖరం దగ్గర పిస్టను దాదాపు నిలబడిపోతుంది. క్రాంకు అయిదు డిగ్రీలు తిరిగినా పిస్టను కదిలేది మిల్లీమీటరులో ఐదో వంతే. కంటితోనూ పుల్లతోనూ చూసి ఇదే శిఖరం అనేవారు అయిదు డిగ్రీలు తేలికగా పొరబడతారు. పైగా బుల్లెట్ ప్లగ్గు రంధ్రం ఏటవాలుగా ఉంటుంది. పుల్ల నిట్టనిలువుగా దిగదు.

మేస్త్రీ చేసిన ఉపాయం చూడండి. ఎడమవైపు ప్రైమరీ మూత తీసి, ఆల్టర్నేటరు రోటరు మీద డిగ్రీలు గీసిన చక్రం ఒకటి బిగించాడు. చట్రానికి ఒక తీగ ముల్లు కట్టాడు. ప్లగ్గు రంధ్రంలో, పిస్టనును శిఖరం చేరకముందే ఆపే ఒక అడ్డు బిగించాడు. క్రాంకును మెల్లగా ముందుకు తిప్పి, పిస్టను అడ్డుకు తగిలినచోట గుర్తు పెట్టాడు. వెనక్కు తిప్పి, అటునుంచి తగిలినచోట మరో గుర్తు పెట్టాడు. రెండు గుర్తులకూ నడిమి బిందువే శిఖరం! కన్ను ఆనకపోయినా ఈ లెక్క తప్పదు. డిగ్రీల అంకెలు ఆ అమ్మాయి చదివి చెప్పింది. ఆయన చేత్తో తిప్పాడు.

అడ్డు తీసివేసి, కిట్టు కాగితంలో చెప్పిన డిగ్రీల దగ్గరకు క్రాంకును తెచ్చారు. ఇక్కడ ఒక నియమం: ఎప్పుడూ ఇంజను తిరిగే దిక్కుగానే తిప్పి గుర్తుకు చేరాలి. గుర్తు దాటిపోతే కాస్త వెనక్కు తెచ్చి సరిపెట్టుకోకూడదు. బాగా వెనక్కు పోయి, మళ్ళీ ముందుకు రావాలి. పళ్ళచక్రాల మధ్య ఉండే వదులు లేకపోతే మోసం చేస్తుంది.

రోటరుకూ ముల్లుకూ ఎదురెదురుగా తెల్ల రంగు చుక్కలు పెట్టి, డిగ్రీల చక్రాన్ని తీసివేశారు. గిన్నెలో అయస్కాంతపు బిళ్ళను ఇరుసుకు, పసికట్టు పలకను గిన్నెకు బిగించారు. పలక మీది చిన్న దీపం ఆరే చోటు వచ్చేవరకు గిన్నెను తిప్పి, బోల్టు బిగించారు. పాత పాయింట్ల కాలంలో మేస్త్రీ ఇదే పనిని హెడ్‌లైటు దగ్గరి ఆంపియరు మీటరు ముల్లు చూసి చేసేవాడు: పాయింట్లు విడిన క్షణాన ముల్లు సున్నాకు తిరిగి వస్తుంది. దీపమైనా ముల్లైనా చెప్పే కబురు ఒక్కటే.

ఇక్కడ చేతికి ఎంత నేర్పు కావాలో ఒక లెక్కతో తెలుస్తుంది. డిస్ట్రిబ్యూటరు ఇరుసు క్రాంకు వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. గిన్నెను ఒక డిగ్రీ తిప్పితే క్రాంకు దగ్గర రెండు డిగ్రీల తేడా. గిన్నె వ్యాసం 60 మిల్లీమీటర్లు అనుకుంటే, అంచు దగ్గర ఒక్క మిల్లీమీటరు జరిపినందుకు క్రాంకు దగ్గర సుమారు నాలుగు డిగ్రీలు మారిపోతుంది! ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం యతిస్థానాలు. ఒక్క అక్షరం అటు ఇటైతే పద్యం కుంటుతుంది. ఇంజను యతి అంతకన్న నిష్ఠురమైనది.

మినుకు దీపం సాక్ష్యం

నిలబడి ఉన్న ఇంజనుకు కుదిర్చిన వేళ సగం పని మాత్రమే. పరుగెత్తే ఇంజనులో రవ్వ ఎక్కడ పుడుతున్నదో చూడాలి. దానికి స్ట్రోబు దీపం ఉన్నది. ప్లగ్గు తీగకు దాని పటకా తగిలిస్తే, రవ్వ పుట్టినప్పుడల్లా దీపం ఒక్కసారి మెరుస్తుంది. ఆ మెరుపులో తిరుగుతున్న రోటరు మీది తెల్ల చుక్క ఆగిపోయినట్లు కనబడుతుంది. చుక్క ముల్లుకు ఎదురుగా నిలిస్తే వేళ కుదిరినట్లు. కిట్టు కాగితంలో చెప్పిన వేగానికి ఇంజనును పెంచి చూడాలి. చుక్క తప్పితే బోల్టు వదులు చేసి గిన్నెను రవంత తిప్పాలి: ఇరుసు తిరిగే దిక్కుకు ఎదురుగా తిప్పితే రవ్వ ముందుకు వస్తుంది, అదే దిక్కుగా తిప్పితే వెనుకబడుతుంది.

ఈ పని సందె వేళ, నీడలో చేస్తే మెరుపు బాగా కనబడుతుంది. మూత లేని గొలుసు దగ్గర చీర కొంగు, ఉత్తరీయం, వదులు చేతుల చొక్కా పనికిరావు. పిల్లలను దూరంగా ఉంచాలి. ప్లగ్గు తీగ ఊడదీసి ఊరికే కిక్కులు కొట్టకూడదు. దారి లేని వేల వోల్టులు పెట్టె మీదకే తిరగబడతాయి. చట్రానికి వెల్డింగు చేయవలసి వస్తే ముందు పెట్టె తీగలు విప్పాలి. రెసిస్టరు ఉన్న ప్లగ్గు గాని, ప్లగ్గు టోపీ గాని వాడాలి.

పోయేదేమిటి?

ఒనగూరే లాభాలు చెప్పాను. నష్టం కూడా చెప్పాలి. పాయింట్లు చెడిపోయేముందు నోటీసు ఇస్తాయి: తడబడతాయి, సణుగుతాయి. రోడ్డు పక్కన గరుకు కాగితంతో రుద్ది, సిగరెట్టు కాగితంతో సందు చూసుకుని ఇల్లు చేరవచ్చును. పెట్టె చెడితే నోటీసు ఉండదు. దానిని విప్పి చూసేందుకు లోపల ఏమీ కనబడదు కూడా. బాటరీ నీరసిస్తే పెట్టె పాయింట్లకన్న ముందే చేతులెత్తేస్తుంది. అందుచేత ఎలక్ట్రానిక్ పెట్టినవారు బాటరీని కంటికి రెప్పలా చూసుకోవాలి.

చట్టం సంగతి ఒకటి ఉన్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వం మోటారు వాహనాల నియమాలను సవరించి, మొదటి రిజిస్ట్రేషను నుంచి యాభై ఏళ్ళు దాటిన బండ్లకు ‘వింటేజి’ హోదా కల్పించింది. బండి తొలి రూపంలో ఉండాలి. చట్రానికీ, బాడీకీ, ఇంజనుకూ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు అని అందులో షరతు. ఆ హోదా కోరుకునేవారు ఏ మార్పు చేసినా ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం, తీసిన ప్రతి వస్తువునూ దాచడం మంచిది. ఎలక్ట్రానిక్ కిట్టులో సుగుణం ఏమంటే, రంధ్రాలు పొడవకుండా, కోతలు పెట్టకుండా బిగించవచ్చును; ఎప్పుడు కావాలంటే అప్పుడు పాతవి తిరిగి పెట్టుకోవచ్చును.

తెనాలి మేస్త్రీ పాత పాయింట్లు, కండెన్సరు, బరువులు, స్ప్రింగులు నూనె గుడ్డలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. మూత లోపలి వైపు ఆ అమ్మాయి చేత మూడు పంక్తులు రాయించాడు: సందు 0.38, శిఖరానికి ముందు 0.8, రోటరు మీద చుక్క ఎక్కడున్నదీ. తరువాత డికంప్రెషన్ లీవరు నొక్కి, పిస్టనును శిఖరం దాటించి, కిక్కు ఎలా కొట్టాలో చూపించాడు. రెండో కిక్కుకు బండి పలికింది. లీవరు తన్నలేదు. తల్లి వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటూ ఉండిపోయింది.

మన రాష్ట్రాలలో ఇటువంటి మేస్త్రీలు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. పెట్టెను బజారులో కొనవచ్చును. పిస్టను శిఖరం ఎక్కడున్నదో దానికి చెప్పవలసింది మాత్రం మనిషే. కనుక ఇంట్లో పాత బండి ఉన్నవారు, కిట్టు కొనబోయేముందు, అటువంటివారి దగ్గర ఒక పూట కూర్చుని ఆ అడ్డు పెట్టే ఉపాయం ఒక్కటైనా నేర్చుకోవలసిందని నా మనవి. బండి లేని ఇళ్ళలో కూడా, బడికి వెళ్ళే పిల్లలుంటే వెంటబెట్టుకుని వెళ్ళవచ్చును.